అంకెలొకటి, అక్షరములు రెండు

గత సంవత్సరము పదవ తరగతి బాలుడొకడు రెండు కాగితములను చేతబట్టుకొని మాయొద్దకు వచ్చెను. వాని యింట రెండు విద్యుత్తు ఇస్త్రీపెట్టెలు కలవు. ఒకటి సింగపూరునుండి చిన్నాయన తెచ్చినది. రెండవది జర్మనీలో పనిచేయు అన్న పంపినది. మొదటిదాని కాగితముపై ఐ.ఇ.సి. 60335-2-3 అనియు, రెండవదానిపై ఇ.ఎన్. 60335-2-3 అనియు అచ్చువేయబడి యున్నది. "అంకెలొక్కటియే గదండీ, అక్షరములేల మారినవి? ఏది మేలైనదో అడిగి రమ్మని మా అమ్మ చెప్పినది. ఇంట చిన్న చెల్లెలున్నది" అని యతడు పలికెను. ఆనాడు గంట కొట్టుటచే సగమే చెప్పగలిగితిమి. తక్కినది తల్లిదండ్రులకును ఉపయోగింపగలదని తలచి యిచట వ్రాయుచున్నాము.

మొదట ప్రమాణమనగా నేమో తెలిసికొనవలెను. ఒక వస్తువు ఎట్లుండవలెనో, అది యట్లున్నదో లేదో ఏ పరీక్షచే తేల్చవలెనో చెప్పు గ్రంథమే ప్రమాణము. ఇస్త్రీపెట్టె పిడి యెంతవరకు వేడెక్కవచ్చును, దాని తీగ యెన్ని మారులు వంగినను తెగకుండవలెను, పైరేకునకు విద్యుత్తు ఎంతకు మించి కారరాదు అను విషయములన్నియు అందు వ్రాయబడి యుండును. తయారుచేయువాడు, పరీక్షించువాడు, కొనువాడు ఒకే కొలబద్దను పట్టుకొనుటకే యీ యేర్పాటు.

పందొమ్మిదవ శతాబ్దము చివర విద్యుత్తు వాడుకలోనికి వచ్చినప్పుడు దేశమునకొక మాట, దేశమునకొక కొలత యుండెను. ఈ చిక్కును తీర్చుటకై 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున కూడిన విద్యుత్ శాస్త్రజ్ఞుల మహాసభ, ప్రపంచమంతటికి ఒక సంఘముండవలెనని తీర్మానించెను. ఆ తీర్మానము ననుసరించి 1906 జూను నెలలో లండనునందు అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము పుట్టినది. దానినే ఐ.ఇ.సి. యందురు. ప్రఖ్యాత శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ దాని తొలి యధ్యక్షుడు. 1948లో దాని కార్యస్థానము జెనీవాకు మారినది. మన దేశమును అందు సభ్యత్వము కలిగియున్నది.

ఈ సంఘమునందు దేశమునకొక జాతీయసమితి యుండును. దేశము పెద్దదైనను చిన్నదైనను వోటు ఒక్కటియే. అయితే సంఘము ప్రకటించిన ప్రమాణమును ప్రతి దేశము స్వీకరించియే తీరవలెనను నిర్బంధము లేదు. ఇష్టమైనచో యథాతథముగ గైకొనవచ్చును, మార్పులతో గైకొనవచ్చును, మానవచ్చును. గృహోపకరణములకు సంబంధించిన మన ఐ.ఎస్. 302 అను భారతీయ ప్రమాణమును ఐ.ఇ.సి. 60335 ఆధారముగ రచింపబడినదే.

ఆ సంఖ్యను విడదీసి చూతము. 60335 అనునది గృహోపకరణముల భద్రతకు సంబంధించిన గ్రంథమాల పేరు. అందు 1 అను భాగము అన్ని పరికరములకును వర్తించు సామాన్యనియమములు. 2తో మొదలగునవి ఒక్కొక్క పరికరమునకు ప్రత్యేకముగ వ్రాసినవి. 2-3 అనగా ఇస్త్రీపెట్టె. పూర్వము దీనిని 335 అనియే పిలిచెడివారు. 1997లో ఐ.ఇ.సి. తన సంఖ్యలన్నిటికి 60000 చేర్చుటచే 60335 అయినది.

ఇక ఇ.ఎన్. అను అక్షరముల సంగతి. ఐరోపాలో పొరుగు దేశముల ప్రమాణములు వేరువేరుగా నున్నంతకాలము, ఒకచోట చేసిన వస్తువును సరిహద్దు దాటించి అమ్ముటకు మరల పరీక్షలు, మార్పులు అవసరమగుచుండెను. ఈ యడ్డంకిని తొలగించుటకు 1973లో సెనెలెక్ అను ఐరోపా విద్యుత్ ప్రమాణసంఘ మేర్పడినది. దాని కార్యస్థానము బ్రస్సెల్స్. ఐరోపా సమాఖ్యలోని దేశములేగాక బ్రిటను, స్విట్జర్లాండు మున్నగు దేశములును అందు చేరియున్నవి. ఈ సంఘపు నియమము కఠినమైనది: ఒక ఇ.ఎన్. ప్రమాణము ఆమోదింపబడినచో, సభ్యదేశములన్నియు దానిని తమ జాతీయప్రమాణముగ ప్రకటింపవలెను. దానితో విరోధించు పాత ప్రమాణమును ఉపసంహరింపవలెను. వ్యతిరేకముగ వోటిచ్చిన దేశమునకును ఇది తప్పదు. ఐ.ఇ.సి. సలహా చెప్పు పెద్ద వంటిది. సెనెలెక్ కట్టుబాటు గల కుటుంబము వంటిది.

ఈ రెండు సంఘములు ఒకే పనిని రెండుమారులు చేయుట వృథాశ్రమ యని గ్రహించి 1996లో డ్రెస్డెన్ నగరమున ఒడంబడిక చేసికొన్నవి. 2016లో ఫ్రాంక్‌ఫర్టునందు దానిని నూతనపరచుకొన్నవి. దీని సారాంశ మిది. క్రొత్త ప్రమాణము కావలసినచో ఐరోపావారు ముందుగ ఆ పనిని ఐ.ఇ.సి.కి ఒప్పగింప జూతురు. ఐ.ఇ.సి. చిత్తుప్రతి సిద్ధమైనప్పుడు రెండు సంఘములయందును ఏకకాలమున వోట్లు తీసికొందురు. అందుచేతనే ఐరోపా విద్యుత్ ప్రమాణములలో ఎక్కువభాగము ఐ.ఇ.సి. ప్రమాణములే, అంకెలును అవే నిలిచినవి. ఐరోపాలోనే పుట్టిన ప్రమాణములకు 50తో మొదలగు అయిదంకెల సంఖ్య నిత్తురు. కావున సంఖ్యను చూచినంతనే గ్రంథము పుట్టినిల్లు తెలియును.

అట్లని రెండు గ్రంథములు అక్షరాల ఒకటియే యని తలపరాదు. అవసరమైనచోట ఐరోపావారు తమ మార్పులను చేర్తురు. మన బాలుని తల్లి యడిగిన ప్రశ్నకు ఇట నొక చక్కని సమాధానమున్నది. పరికరముతో నిచ్చు సూచనలలో, పిల్లలును అశక్తులును పెద్దల పర్యవేక్షణ లేక వాడుటకు ఇది యుద్దేశింపబడలేదని వ్రాయవలెనని ఐ.ఇ.సి. గ్రంథము చెప్పెను. ఐరోపావారు ఇంతమాత్రము చాలదనుకొనిరి. ఇంట పిల్లలు పరికరములను ముట్టక మానరు గదా! ఎనిమిదేండ్లు నిండినవారు పర్యవేక్షణలోనో, తగు బోధన పొంది అపాయములను తెలిసికొనియో వాడవచ్చునని వారు వ్రాసిరి. ఇస్త్రీపెట్టె విషయమున, అది వేడిగానున్నప్పుడును చల్లారుచున్నప్పుడును ఎనిమిదేండ్లలోపు పిల్లలకు అందకుండ నుంచవలెనని చేర్చిరి.

పెట్టెపై నుండు సి.ఇ. గుర్తునుగూర్చియు కొందరు పొరపడుచుందురు. అది పరీక్షాసంస్థ యిచ్చిన బహుమానము కాదు. ఐరోపా శాసనముల ననుసరించితినని తయారుచేసినవాడు తానే చెప్పుకొను మాట. విద్యుత్ పరికరముల భద్రతనుగూర్చిన శాసనము 1973లో మొదట వచ్చినది. ఇప్పుడున్నది 2014 నాటిది. శాసనము భద్రతను కోరును. దానిని సాధించు మార్గమును ప్రమాణము చూపును. సమాఖ్య అధికారపత్రికలో పేర్కొన్న ఇ.ఎన్. ప్రమాణమును పాటించినవాడు, ఆ ప్రమాణము తాకినంతవరకు శాసనమును పాటించినట్లే యెంతురు.

ఇన్ని యొడంబడికలు కుదిరినను గోడకు గ్రుచ్చు ప్లగ్గు విషయమున మాత్రము లోకము ఏకము కాలేదు. 1986లో ఐ.ఇ.సి. ప్రపంచమంతటికి ఒకే ప్లగ్గును ప్రతిపాదించినది. బ్రెజిలు, దక్షిణాఫ్రికా దానిని ఆధారముగ గొన్నవి. ఐరోపా దేశములు మాత్రము తమ పాత ప్లగ్గులను విడువలేదు. అసలు అపాయము మన బాలుని యింట నిచటనే పొంచియుండెను. జర్మనీ ప్లగ్గునకు రెండు గుండ్రని ముల్లులు. ఎర్తు మాత్రము ప్రక్కనున్న రేకులద్వారా కలియును. మన సాకెట్టులో ఎర్తు పైనున్న పెద్ద రంధ్రమున నుండును. ఆ రెండు ముల్లులు మన సాకెట్టులలో కొన్నిటియందు దూరును, పెట్టెయు వేడెక్కును, కాని ఎర్తు కలియదు. లోపల తీగ తెగి రేకును తాకినచో, ముట్టినవానిని కాపాడునది లేదు.

కావున ఆ తల్లికి మేము చెప్పి పంపిన మాట యిది: "అమ్మా, రెండు కాగితములు ఒకే తల్లి బిడ్డలు, ఇందు హెచ్చుతగ్గు లెంచ బనిలేదు. జర్మనీ పెట్టెకు తెలిసిన పనివానిచేత మన మూడు ముల్లుల ప్లగ్గును వేయించి, పచ్చ పసుపు చారల తీగను పెద్ద ముల్లునకు కలిపించుము. అంతవరకు దానిని వాడకుము. చల్లారువరకు చిన్నపాపకు అందనీయకుము." మరునాడే ప్లగ్గు మార్పించిరని బాలుడు వచ్చి చెప్పెను. గ్రంథమెంత గొప్పదైనను అది గోడవరకే వచ్చును; గోడయొద్ద చూచుకొనవలసినది మనమే. విద్యార్థులారా, నేడింటికి పోయినపిమ్మట మీ యింటి ప్లగ్గులను పెద్దలతో కూడి ఒక్కసారి పరిశీలింపుడు.