ఈత కొలనులో రంగుల పరీక్ష

పిల్లలూ! ఒక గిన్నెడు నీళ్లలో చిటికెడు పసుపు కలపండి. అందులో కొంచెం సున్నం వేయమని అమ్మను అడగండి. చూస్తూ వుండగానే ఆ నీళ్లు ఎర్రబడతాయి. పెళ్లిళ్లలో కాళ్లకు పూసే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇలా తయారైనవే. ఇప్పుడు వాటిలో నిమ్మకాయ పిండండి. ఎరుపు పోయి, మళ్లీ పసుపు వచ్చేస్తుంది!

నిజామాబాదు జిల్లా భీమ్‌గల్ ప్రాంతపు పిల్లలకు పసుపును గురించి వేరే చెప్పనక్కరలేదు. అక్కడి చేలల్లో అది విరివిగా పండుతుంది. 2025 లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులోనే ఏర్పడింది. అయితే పసుపుకొమ్ములో ఒక రసాయన పరీక్ష దాగివున్నదని మీలో ఎందరికి తెలుసు?

నిమ్మరసం ఆమ్లం, సున్నం క్షారం. ఈ గుణాన్ని కొలవడానికి 1909 లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ఒక కొలమానం ఏర్పరచాడు. దాని పేరు పి.హెచ్. అది మామూలుగా 0 నుంచి 14 దాకా వుంటుంది. 7 కంటె తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. పసుపులాగా రంగు మార్చి ఈ సంగతి చెప్పే పదార్థాలను సూచికలు అంటారు.

వీటితో మనకేం పని అంటారా? మీ తాతను అడిగి చూడండి. ఆయన వీపుకు మునగ బెండ్లు కట్టుకుని వ్యవసాయబావిలో ఈత నేర్చుకునివుంటాడు. బావిలో కొత్త నీరు వూరుతుంది, పాత నీరు పొలానికి పోతుంది. పట్నంలోని ఈత కొలను అలా కాదు. వున్న నీటినే వడపోసి మళ్లీ మళ్లీ వాడతారు. ఎందరో దిగే ఆ నీటిలో రోగక్రిములు చేరకుండా క్లోరిన్ కలుపుతారు. లీటరు నీటిలో కనీసం 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఎప్పుడూ మిగిలివుండాలి.

అయితే క్లోరిన్ వుంటే చాలదు. పి.హెచ్. 7.2 వున్నప్పుడు క్లోరిన్‌లో సుమారు మూడింట రెండు వంతులు క్రిములను చురుకుగా చంపే రూపంలో వుంటుంది. పి.హెచ్. 8 కి చేరితే అలా వుండేది నాలుగో వంతే! అందుకే కొలను నీటి పి.హెచ్. ను 7.2 కూ 7.8 కూ మధ్య వుంచుతారు. మన పసుపు ఇంత సన్నని తేడా చెప్పలేదు. నీరు 8 దాటితేగాని అది స్పష్టంగా ఎర్రబడదు. కనుక ఫినాల్ రెడ్ అనే సూచికను వాడతారు. అది 6.8 దగ్గర పసుపుపచ్చగా, 8.2 దగ్గర ఎర్రగా వుంటుంది. మధ్యలో నారింజ చాయలు ఒకటొకటిగా కనిపిస్తాయి.

క్లోరిన్‌ను కొలిచే మందు పేరు డి.పి.డి. ఈ పద్ధతిని ఇంగ్లండుకు చెందిన పాలిన్ 1957 లో ప్రకటించాడు. క్లోరిన్ తగిలితే ఈ మందు గులాబిరంగుకు మారుతుంది. క్లోరిన్ ఎంత ఎక్కువైతే రంగు అంత చిక్కన. పరీక్షపెట్టెలో ఈ మందులూ, చిన్న గాజు గొట్టాలూ, రంగుల పట్టీ వుంటాయి.

పరీక్ష సులువే గాని, నిర్లక్ష్యం పనికిరాదు. ముందు గొట్టాన్ని కొలను నీటితోనే కడగాలి. నీరు లోపలికి వచ్చే గొట్టానికి దూరంగా, మోచేతి లోతున నీరు ముంచాలి. గీత వరకే నింపాలి. మందుసీసాను నిలువుగా తలకిందులు చేసి చుక్కలు వేయాలి. వాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారుతుంది. గొట్టానికి మూత పెట్టి కలపాలిగాని, వేలు అడ్డుపెట్టకూడదు. వేలి చెమట లెక్క తప్పిస్తుంది. పగటి వెలుతురులో, తెల్లని కాగితం ఎదుట పెట్టి, వెంటనే రంగు పోల్చాలి. ఎండాకాలం రేకుల గదిలో మందులు పెడితే చెడిపోతాయి. సీసామీది గడువు తేదీ కూడా చూడాలి.

ఇప్పుడు అసలు చిక్కు వినండి. డి.పి.డి. వేశారు, రంగు రాలేదు అనుకోండి. క్లోరిన్ లేదనేగా మీరనేది? తొందరపడకండి! క్లోరిన్ మరీ ఎక్కువైతే, వచ్చిన గులాబిరంగును అదే విరిచేస్తుంది. గొట్టం తెల్లగానే వుంటుంది. అది చూసి ఇంకా క్లోరిన్ పోస్తే, దిగినవాళ్ల కళ్లూ ఒళ్లూ మండిపోవూ? ఫినాల్ రెడ్ వేసిన గొట్టంలో పట్టీలో లేని వూదారంగు వచ్చినా ఇదే అనుమానించాలి.

మరి నిజం తేల్చడం ఎలా? ఒక వంతు కొలను నీటికి తొమ్మిది వంతుల స్వేదనజలం, అంటే ఆవిరిపట్టి చల్లార్చిన నీరు, కలిపి మళ్లీ పరీక్షించాలి. ఈసారి రంగు వస్తే, వచ్చిన లెక్కను పదితో హెచ్చవేయాలి. పలుచన చేసిన నీటిలో రంగు 2 చూపితే కొలనులో వున్నది 20 అన్నమాట! అలాంటి నీటిలో ఎవరినీ దిగనివ్వకూడదు.

ఇంకొక సంగతి. కొలను దగ్గర ఘాటైన వాసన వస్తే మందు బాగా వేశారని మురిసిపోకండి. క్లోరిన్ మన చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు పుట్టే పదార్థాలదే ఆ వాసన. కళ్లు మండించేవీ అవే. కనుక స్నానం చేసి కొలనులో దిగడం, నీటిలో ఆ పని చేయకుండా వుండడం మీ వంతు.

కొలను మందులను పిల్లలు ముట్టుకోరాదు. బ్లీచింగ్ పౌడరులో ఆమ్లం కలిస్తే విషవాయువు వస్తుంది. మీరు పసుపు, సున్నం, నిమ్మకాయలతో పరీక్ష చేయండి. సున్నం మాత్రం పెద్దవాళ్ల చేత వేయించండి. ఈసారి ఈతకు వెళ్లినప్పుడు, "ఇవాళ నీరు పరీక్షించారా?" అని అక్కడివారిని మర్యాదగా అడగండి. తేటగా కనిపించే నీరంతా మంచిది కాదు. రంగు రాని గొట్టం చెప్పేదంతా నిజం కాదు.