మలుపులో వినబడు టకటక



వికారాబాదు నుండి తాండూరు పోవు దారి, మూసీనది పుట్టిన అనంతగిరి కొండల మీదుగా మలుపులు తిరుగుచు సాగును. ఒక వర్షాకాలమున మేము కుటుంబసమేతముగా పాత మారుతి 800 కారులో ఆ దారిని పోవుచుండగా, స్టీరింగు గట్టిగా త్రిప్పిన ప్రతి మలుపులోను ముందు చక్రము వైపునుండి టక టక యను చప్పుడు వినవచ్చెను. దారి తిన్ననైనంతనే అది ఆగిపోవుచుండెను. రేడియోవారము గనుక మేము చేసిన పని, రేడియోను మరికొంత పెంచుట! తిరుగు ప్రయాణమున ఒక ఎత్తునెక్కుచుండగా ఫట్టున శబ్దమై, ఇంజను తిరుగుచున్నను బండి ముందుకు సాగక, వెనుకకు జారసాగెను. కాలిబ్రేకు, చేతిబ్రేకు రెండును పట్టి నిలిపితిమి. వెనుకనుండి లారీ యేదియు రాకుండుట మా అదృష్టము. పిల్లలు మాత్రము చాలసేపు మాటాడలేదు. నాడు మేము నేర్చుకొన్న సంగతినే నేడు మీకు విన్నవించుచున్నాము.

అంబాసిడరు, పద్మిని కార్లలో ఇంజను ముందున్నను, దాని బలము పొడవాటి ఇరుసు ద్వారా వెనుక చక్రములకు పోవును. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800లో ఈ పద్ధతి మారినది. ఇందు ముందు చక్రములే బండిని లాగును. అవియే ఇటునటు తిరిగి దారి చూపును. కావున చక్రమునకు బలము నందించు ఇరుసు, మలుపులో వంగుచునే తిరుగవలయును. ఇరుసునకు మణికట్టు వంటి కీలు కావలెనన్నమాట.

శిలువ ఆకారపు పాత కీలు ఇందుకు చాలదు. అది 30 డిగ్రీలు వంగి యుండగా, ఈవలి ఇరుసు నిమిషమునకు 100 చుట్ల వేగమున సమముగా తిరిగినను, ఆవలి ఇరుసు వేగము ప్రతి చుట్టులోను రెండు మారులు 87కు తగ్గి, 115కు పెరుగుచుండును. చక్రము కుదుపులతో తిరుగును. ఈ చిక్కును 1920ల దశకమున ఆల్ఫ్రెడ్ జెప్పా యను ఇంజనీరు విప్పినాడు. ఆయన కీలులో ఆరు ఉక్కు గోళీలు గాడులలో కూర్చుండును. ఇరుసు ఎంత వంగినను, ఆ గోళీలు రెండు ఇరుసుల నడుమ కోణమును సరిగా సగము చేయు తలములోనే నిలుచును. అందుచే రెండు వైపుల వేగము సమానమగును. దీనినే మెకానిక్కులు సి.వి. జాయింటు అందురు. 1959లో బ్రిటనులో వెలువడిన మినీ కారు ఇట్టి కీళ్లతోనే ముందు చక్రముల పద్ధతిని ఇంటింటి బండికి తెచ్చినది.

ఈ కీలు లోపల చిక్కని గ్రీజు నిండియుండును. దానిని కాపాడునది హార్మోనియము తిత్తివలె ముడుతలు గల రబ్బరు బూటు. ఏండ్లు గడచిన కొలది వేడికిని గాలికిని రబ్బరు పెళుసై, ముడుతలలో చీలును. చక్రము తిరుగు వేగమునకు గ్రీజు బయటికి చిమ్ముకొని పోవును. నీరు, దుమ్ము లోపలికి చేరును. తాండూరు నాపరాతి పాలిషు మిల్లులను చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అచట గరుకు పొడియు నీరును కలిపి రుద్ది రాతిని నున్నన చేయుదురు. చినిగిన బూటులో జరుగునదియు అట్టి రాపిడియే. అయితే ఇచట అరుగునది రాయి కాదు, గోళీలు నడచు ఉక్కు గాడి. ఆ అరుగుడే మలుపులో టకటక లాడును.

తాండూరు మెకానిక్కు మా బండి క్రిందికి తొంగిచూచి, "సారూ, రబ్బరు చినిగిననాడే తెస్తే బూటుతోని పోయేది. చప్పుడు షురువైనంక గ్రీజు పెడితే ఫాయిదా లేదు" అనినాడు. సారమంతయు ఆ రెండు మాటలలోనే యున్నది.

పరీక్ష సులభము. ఖాళీ మైదానమున స్టీరింగు పూర్తిగా ఒక వైపునకు త్రిప్పి, మెల్లగా బలమిచ్చుచు చుట్టు తిరిగి, పిమ్మట రెండవ వైపు తిరుగవలెను. ఎడమకు తిరుగునప్పుడు చప్పుడు హెచ్చినచో సాధారణముగా కుడి చక్రపు కీలును, కుడికి తిరుగునప్పుడు హెచ్చినచో ఎడమదానిని అనుమానింపవలెను. బూటును కన్నులార చూచియే నిశ్చయింపవలయును. చక్రము లోపలి అంచున నల్లని గ్రీజు చిందియున్నచో అదియే సాక్ష్యము. తిన్నని దారిలో వేగము పెంచునప్పుడు బండి వణకినచో గేరుపెట్టె వైపునున్న లోపలి కీలును చూపింపవలెను. వేగముతోపాటు పెరుగు ఎడతెగని హోరు మాత్రము తరచుగా చక్రపు బేరింగుది.

బూటు చినిగినను చప్పుడు లేనిచో, కీలును విప్పి, కడిగి, అరుగుడు లేదని చూచి, ఆ కీలునకే తగిన గ్రీజుతో క్రొత్త బూటును, క్రొత్త పట్టీలను వేయించిన చాలును. చప్పుడు మొదలైనచో కీలునైనను, ఇరుసునంతటినైనను మార్పింపవలసినదే. క్రొత్తదానిని బిగించుటకు పూర్వము పాతదాని ప్రక్కన పెట్టి, పొడవును పండ్ల లెక్కను సరిచూడవలెను. ఇరుసు ఊడదీయునప్పుడు గేరుపెట్టె నూనె కారవచ్చును గనుక, ఆయిలు సీలును చూచి, నూనెను మరల నింపింపవలయును. జాకీ ఒక్కదానినే నమ్మి ఎవ్వరును బండి క్రింద దూరరాదు.

మరియొక మాట మరువవలదు. ఈ కీలు విరిగినచో బండిని గేరులో నిలిపినను నిలువదు. ఇంజనుకును చక్రమునకును నడుమ బంధము తెగిపోయినది గదా. అట్టియెడ చేతిబ్రేకును, చక్రముల క్రింద రాళ్లనే నమ్మవలెను.

మారుతి 800 తయారీ 2014లో ఆగినను, పాత బండ్లు పల్లెదారులలో ఇంకను నడుచుచున్నవి. వానలకు ముందొకసారి, వానలు వెలిసిన పిదప మరియొకసారి, వంగి ఆ రబ్బరు బూట్లను చూడుడు. మలుపులో క్రొత్త చప్పుడు వినబడినచో, మేము చేసినట్లు చేయక, రేడియోను ఒక్క నిమిషము ఆపి వినుడు. మా కార్యక్రమమును తరువాత వినవచ్చును.