ఇంటిలో పెద్ద చేపల తొట్టి

చెన్నై నగరమున కొళత్తూరు ప్రాంతము రంగుచేపల పెంపకమునకును, విక్రయమునకును పేరు పొందినది. అచటి అంగళ్లను చూచి వచ్చిన పిల్లలు తమ యింటను పెద్ద తొట్టి కావలెనని కోరుట సహజము. కోరిక మంచిదే. కాని కొనుటకు ముందు కొలబద్దయు, కాగితమును చేతబట్టుట అవసరము. ఎంపిక తప్పినచో ధనము వ్యర్థమగుటయే గాక, నోరులేని ప్రాణులు నశించును.

తొట్టి ఏల పెద్దదిగా నుండవలెను? చేపల మలినము నుండి అమ్మోనియా పుట్టును. అది వానికి విషము. తొట్టిలో స్థిరపడిన సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. నీరు కొంచెమైనచో విషము త్వరగా చిక్కబడును. విస్తారమైనచో పలుచబడును, ఉష్ణోగ్రతయు నెమ్మదిగా మారును. కావున గుండ్రని గాజు గిన్నెలోకంటె పెద్ద తొట్టిలోనే చేపలను కాపాడుట సులభము.

ఇక ఆకృతి. రెండు తొట్లను పోల్చి చూతము. మొదటిది 120 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. రెండవది 60 పొడవు, 45 వెడల్పు, 90 ఎత్తు. రెండింటను పట్టు నీరు 243 లీటర్లే. ముందరి పలక వైశాల్యము రెండింటికిని 5,400 చదరపు సెం.మీ.లే. అయినను ఎంత భేదము! ప్రాణవాయువు నీటిలో కలియునది ప్రధానముగా పైతలముననే. ఆ తలము మొదటిదానికి 5,400, రెండవదానికి 2,700 మాత్రమే. లోతును బట్టి పీడనము పెరుగునని మనము పాఠములో చదివితిమి. సగటు లోతు మొదటిదానిలో 22.5 సెం.మీ., రెండవదానిలో 45. కనుక అంచువఱకు నింపినచో ముందరి పలకను నీరు త్రోయు బలము మొదటిదానిలో 121.5 కిలోల బరువునకును, రెండవదానిలో 243 కిలోల బరువునకును సమానము. అందుచేత పొడవు హెచ్చుగను, ఎత్తు తక్కువగను ఉన్న తొట్టినే మేము మెచ్చుకొందుము. అడుగున శుభ్రపఱచుటకు చేయియు అందును.

పదార్థములలో ముఖ్యమైనవి గాజు, ఆక్రిలిక్. పై మొదటి తొట్టిని 10 మి.మీ. పలకలతో చేసినచో గాజు సుమారు 50 కిలోలు, ఆక్రిలిక్ సుమారు 24 కిలోలు తూగును. ఆక్రిలిక్ దెబ్బకు సులభముగా పగులదు. దానిని వంపులుగా మలచవచ్చును. కాని ఇసుక రేణువు రాచుకొన్నను గీత పడును. నీటి ఒత్తిడికి గాజుకంటె ఎక్కువగా వంగును. గాజు బరువైనదే గాని గీతలకు ఓర్చును, చిరకాలము స్వచ్ఛముగా నుండును. మామూలు గాజులోని ఇనుము వలన కొంచెము పచ్చని ఛాయ కనబడును; ఇనుము తక్కువగా గల గాజులో ఆ ఛాయ తగ్గును, వెల హెచ్చును. పలకలను అతుకుటకు చేపల తొట్ల కొఱకు చేసిన సిలికోనునే వాడవలెను. బూజు పట్టకుండ మందు కలిపిన రకము చేపలకు హానికరము. సామాన్య గృహములకు గాజే తగినదని మా అభిప్రాయము.

తావును ఎంచుటయు ముఖ్యమే. నీరు 243, గాజు 50. ఇసుక, రాళ్లు, పీట కలిసినచో మొత్తము 300 కిలోలు దాటును. మేడపై నుంచదలచినవారు ముందుగా ఇంజనీరును సంప్రదింపవలెను. పీట సమతలముగ నుండవలెను. ఎండ సూటిగా పడరాదు. పడినచో నాచు పెరుగును. నీరు నింపి, కారుట లేదని రూఢిచేసికొని, సూక్ష్మజీవులు స్థిరపడుటకు కొన్ని వారములు వేచి, పిదప చేపలను కొలదికొలదిగా విడువవలెను.

అంగడిలో మాట తమిళమైనను, పెట్టెపై వ్రాత ఆంగ్లమైనను, ఈ లెక్క మనము తెలుగు తరగతిలో నేర్చినదే. విద్యార్థులారా! మీ యింటి గదిని కొలిచి, అందు పట్టు తొట్టికి నీటి బరువును, పైతల వైశాల్యమును గణించి, తల్లిదండ్రులకు చూపుడు. కొనవలెనో, వలదో ఆ కాగితమే చెప్పును.