ఇసుకలో జీపు... గడ్డిలో బట్టమేక!

జైసల్మేర్ వెళ్లినవాళ్లలో చాలామంది చేసేది ఒకటే. మధ్యాహ్నం జీపెక్కి పడమరగా నలభై కిలోమీటర్లు పోవడం, సమ్ ఇసుక తిన్నెల మీద కేరింతలు కొట్టడం, సూర్యాస్తమయాన్ని ఫొటో తీసుకోవడం, రాత్రికి డేరాల దగ్గర పాటలు విని వచ్చేయడం. సరదాగానే ఉంటుంది, కాదనం. తిన్నెలెక్కే ముందు డ్రైవరు దిగి టైర్లలో గాలి తీసేస్తుంటే మాత్రం కంగారు పడొద్దు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోకుండా ఉంటుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లు వెనక సీటు జోలికి పోకపోతేనే మంచిది!

కానీ ఎడారంటే ఇసుకే అనుకుంటే ఎలా? సమ్ పక్కనే ఉన్న డెజర్ట్ నేషనల్ పార్కు విస్తీర్ణం 3,162 చదరపు కిలోమీటర్లు. అందులో తిన్నెలు ఐదో వంతే. మిగతాదంతా రాతినేల, గడ్డి, ముళ్లపొదలు. అక్కడక్కడా కనిపించే చెట్టుని గైడు ‘ఖేజ్రీ’ అంటాడు. మనం దసరాకి పూజించే జమ్మిచెట్టే అది! తెలంగాణకీ రాజస్థాన్‌కీ కూడా రాష్ట్ర వృక్షం. దాని కాయలతో చేసే కేర్ సాంగ్రీ కూరని సజ్జరొట్టెతో అడిగి మరీ తినండి. ఆ చెట్లని నరకనివ్వకుండా 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీలో 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. జీపులో వెళ్తూ గైడుని కదిపితే ఆ కథ చెబుతాడు.

ఇక అసలు సంగతి, బట్టమేక పిట్ట. మీటరు ఎత్తుండే ఈ పక్షి కోసమే కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడుని 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడక్కడ అది కనిపించడమే గగనం. దేశం మొత్తమ్మీద అడవుల్లో మిగిలినవి నూటయాభైకి మించవు, వాటిలో ఎక్కువ జైసల్మేర్ చుట్టుపక్కలే. ఇది గూడు కట్టదు, నేలమీదే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఏడాదికి ఒక్కటే. కళ్లు తలకి పక్కల ఉండటంతో ఎదురుగా ఉన్న కరెంటు తీగలు సరిగ్గా కనిపించవు, తగిలి చనిపోతుంటుంది. దారి పొడవునా కనిపించే గాలిమరలు ఫొటోలకి బాగుంటాయి కానీ, వాటి తీగలే దీనికి గండం.

అందుకే జీపు మాట్లాడుకునేటప్పుడు ధర ఒక్కటే కాదు, ‘బాట దిగకుండా తీసుకెళ్తారా?’ అనీ అడగండి. ‘ఎక్కడికైనా పోనిస్తా’ అని గొప్పలు పోయే డ్రైవరు మనకొద్దు. పార్కు లోపలికి అటవీశాఖ అనుమతి కావాలి, ముందురోజే చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. తెల్లవారుజామున బయల్దేరితే మంచిది, స్వెట్టర్ మాత్రం మర్చిపోవద్దు, టాపులేని జీపులో చలి ఎముకలు కొరికేస్తుంది. గడ్డి మైదానం చేరాక ఇంజిన్ ఆపించి బైనాక్యులర్స్ తీయండి. బట్టమేక దొరక్కపోయినా, చింకారా జింకలు, ఎడారి నక్కలు కనిపించే అవకాశం బాగానే ఉంటుంది.