ఇంజనులోని గొలుసు

ఇల్లాలికి చెవి యొక గొప్ప సాధనము. పాలు పొంగుటకు ముందు గిన్నె చేయు సన్నని సవ్వడియు, గింజలు లేక తిరుగు తిరుగలి మ్రోతయు, పసిబిడ్డ యేడ్పులో ఆకలికిని కడుపునొప్పికిని గల భేదమును మన కెవరును పాఠముగా నేర్పలేదు. అట్టి చెవి కారు విషయమున మాత్రము కొఱగాదని మనమే యేల యనుకొనవలెను? ఈ మాట మా యింట జరిగిన యొక సంగతివలన మాకు తోచినది. సోదరీమణుల కుపయోగపడునని దానిని వ్రాయుచున్నాము.

గడచిన శీతకాలమున మా కారును ఉదయము కదలించినపుడెల్ల రెండు మూడు సెకనులపాటు గలగలమని యొక మ్రోత పుట్టి, వెంటనే యణగిపోవుచుండెను. మావారు "పాత బండి గదా, చలికి అట్లాగే ఉంటుంది" అనిరి. మా అత్తగారు మాత్రము అరుగుమీదనుండి విని, "రేకుడబ్బాలో చింతగింజలు పోసి ఊపినట్టుందే అమ్మాయీ" అనిరి. ఆ పోలికయే తుదకు నిజమైనది. ఆ దినములలో మా అమ్మాయి పురిటికి వచ్చియుండెను. ఏ రాత్రి ఆసుపత్రికి పోవలసివచ్చునో తెలియదు. కనుక ఆ మ్రోతను వినియు విననట్లుండుట మాకు సాధ్యము కాలేదు.

మొదట మేము పోయిన షెడ్డువారు చిక్కని నూనె పోసి పంపిరి. పది దినములు మ్రోత తగ్గినది. తరువాత మరల వచ్చినది. వెనువెంటనే ఎదుటి పలకమీద ఇంజను గుర్తుగల పసుపుపచ్చని దీపము వెలిగినది. అంతట విజయవాడ ఆటోనగరులోని యొక వృద్ధ మెకానిక్కు నొద్దకు పోతిమి. ఆయన బండిని వెంటనే విప్పలేదు. "అమ్మా, రాత్రికి బండి ఇక్కడే ఉంచి వెళ్లండి. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజన్ను నేనే స్వయంగా వినాలి" అనెను. రోగమును గుర్తించు పద్ధతి యిదియే యని మాకు తరువాత తెలిసినది.

ఆ గొలుసు పని యేమి? ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు దంచుట మన మెఱుగుదుము. ఒకరి రోకలి లేచునప్పుడు రెండవవారి రోకలి దిగును. తాళము తప్పినచో రోకళ్లు రెండును ఢీకొనును. ఇంజనులో ముషలకములు, అనగా పిస్టనులు, పైకిని క్రిందికిని కదలుచుండును. వానికి పైగా గాలిని లోనికి విడుచుటకును పొగను వెలికి పంపుటకును వాల్వులను చిన్న తలుపులు గలవు. పిస్టనులను ఆడించు క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి వాల్వులను తెఱచు కాంషాఫ్టు సరిగా ఒక్క చుట్టు తిరుగవలెను. ఈ రెంటిని కలిపి తాళము తప్పకుండ కాచునదే టైమింగు గొలుసు. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనునకు 25 పర్యాయములు తెఱచి మూయబడును. గొలుసు ఒక పంటిని దాటి జాఱినను తాళము చెడును. మఱికొంత జాఱినను, తెగినను, అనేక ఇంజనులలో పిస్టను పోయి వాల్వును తాకును, వాల్వులు వంగిపోవును. అప్పుడు బండి నడిదారిలో నిలిచిపోవును. వ్యయమును ఎన్నో రెట్లు పెరుగును.

కొన్ని కార్లలో గొలుసునకు బదులు రబ్బరు బెల్టు ఉండును. దానిని కారు పుస్తకములో చెప్పిన గడువునకు మార్చియే తీరవలెను. గొలుసునకు సాధారణముగా గడువు చెప్పరు. అందుచేతనే పలువురు అది శాశ్వతమని మఱచియుందురు.

"గొలుసు సాగింది" అని మెకానిక్కులందురు. ఉక్కు నిజముగా సాగదు. చిరకాలము మెడలో ధరించిన బంగారు గొలుసు కొంచెము పొడవైనట్లు కనబడుట మనకు తెలిసినదే. కొక్కెములు ఒకదానితో నొకటి రాసికొని యరుగుటయే దానికి కారణము. ఇచ్చటను అట్లే. ఒక్కొక్క లంకెలోని పిన్ను వెండ్రుకవాసి అరిగినను, లంకెలన్నిటి యరుగుదల కలిసి గొలుసు వదులగును. ఆ వదులును బిగించుటకు టెన్షనరు అను పరికరము గలదు. పెక్కు కార్లలో అది ఇంజను నూనె యొత్తిడితో పనిచేయును. రాత్రి బండి నిలిచియున్నపుడు ఆ యొత్తిడి పోవును. ఉదయము నూనె మరల పైకెక్కువఱకు, వదులైన గొలుసు ప్రక్కనున్న ప్లాస్టికు పట్టీలను కొట్టుకొనును. మా అత్తగారు వినిన చింతగింజల మ్రోత యిదియే.

ఆ వృద్ధుడు పరీక్షించిన క్రమమును చెప్పెదము. మొదట నూనె కొలుచు పుల్లను తీసి చూచెను. నూనె తక్కువైనను ఇట్టి మ్రోత వచ్చును. తరువాత వెలుపలి బెల్టును కొద్దిసేపు తీసి ఇంజనును నడిపి, మ్రోత దానిది కాదని నిశ్చయించుకొనెను. పిమ్మట కారునకు యంత్రమును తగిలించి లోపపు సంఖ్యను చదివెను. పీ 0016 అను సంఖ్య వచ్చెను. క్రాంకుషాఫ్టును కాంషాఫ్టును చెప్పు లెక్కలు ఒకదానితో నొకటి సరిపోవుటలేదని దాని యర్థము. ఈ సంఖ్యనుబట్టియే గొలుసు మార్చరాదు. సెన్సరు చెడినను, తీగ తెగినను ఇదియే వచ్చును. కావున ఆయన వానినికూడ పరీక్షించి, ఆ పైననే మూత విప్పి మాకు చూపెను. టెన్షనరు తన కడపటి హద్దువఱకు వెలికి వచ్చియుండెను. ప్లాస్టికు పట్టీపై లోతైన గాడి పడియుండెను.

"నూనె ఎప్పుడెప్పుడు మార్పించారమ్మా?" అని ఆయన అడిగెను. ఇంటికి వచ్చి లెక్కల పుస్తకము చూచికొంటిమి. ఒక పర్యాయము 22,000 కిలోమీటర్లు ఒకే నూనెతో తిరిగియుంటిమి. మాసిన నూనె గొలుసునకు గంధపుసాన వంటిది. తప్పు బండిది కాదు, మాదే.

పని మూడు దినములు పట్టినది. బ్యాటరీ తీగ విప్పి, నూనె తీసి, ముందువైపు కప్పు తొలగించిరి. మొదటి పిస్టనును పైహద్దునకు తెచ్చి, రెండు షాఫ్టులును కదలకుండ పిన్నులతో బిగించిరి. గొలుసుతోపాటు పండ్లచక్రములు, పట్టీలు, టెన్షనరు, నూనె కారకుండ ఆపు సీలు అన్నియు క్రొత్తవి వేసిరి. కూలియే అధికము గనుక సగము పాతవి ఉంచుట పొదుపు కాదు. గొలుసుపై రంగు వేసిన లంకెలను చక్రములపై గుర్తులకు సరిగా కలిపిరి. అటుపిమ్మట ఇంజనును కదలించక, చేతితోనే క్రాంకుషాఫ్టును రెండు పూర్తి చుట్లు త్రిప్పి, షాఫ్టుల గుర్తులు మరల సరియైన చోటికి వచ్చినవని చూచిరి. ఈ రెండు చుట్లు తిప్పని షెడ్డునకు బండి నీయవలదని ఆ వృద్ధుని హెచ్చరిక.

యంత్రములు పురుషుల సొత్తను మాట యెంత పాతదో అంత యబద్ధము. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజి యను నామె భర్తకు చెప్పకయే, ఇద్దరు కుమారులతో మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైములోని తల్లిని చూచుటకు 100 కిలోమీటర్లకు పైగా మోటారుబండిలో పోయెను. ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీ సూదితో శుభ్రపరచెను. గొలుసు చెడగా దారిలోని కమ్మరిచే బాగుచేయించెను. అది చక్రములను త్రిప్పు గొలుసే యైనను, ఆమె ధైర్యము మనకు నేటికిని పాఠమే.

మనము పనిముట్లు పట్టనక్కఱలేదు. నెలకొకసారి నూనె పుల్లను చూడుడు. కారు పుస్తకములో చెప్పిన రకపు నూనెనే గడువు దాటక పోయింపుడు. ఆ తేదీని పాలలెక్క ప్రక్కనే వ్రాసికొనుడు. ఉదయపు మొదటి మ్రోతను వినుడు.

బండి యింటికి వచ్చిన నాలుగవ రాత్రి, రెండు గంటలవేళ, మా అమ్మాయికి నొప్పులు మొదలైనవి. మావారు తాళముచెవి త్రిప్పిరి. ఇంజను మెల్లగా మేల్కొన్నది, గలగల లేదు. వెనుక సీటున అమ్మాయి చేయి పట్టుకొని కూర్చున్న మా అత్తగారు, "ఇప్పుడు బాగుందే, పదండి" అనిరి. తెల్లవారునప్పటికి మేము అమ్మమ్మల మైతిమి.