పైథాన్ నేర్చుకునే పిల్లలకు సాయం ఎక్కడ దొరుకుతుంది?

కొన్నేళ్లుగా మన సొసైటీకి వచ్చే విద్యా సహాయం దరఖాస్తుల్లో ఒక మాట తరచుగా కనిపిస్తోంది: ‘పైథాన్ కోర్సు ఫీజు కోసం’. డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలే కాదు, ఇంటర్ చదివేవాళ్లు కూడా అడుగుతున్నారు. ఇచ్చే చేతికి తానిచ్చేది దేనికో తెలియాలి కదా. పైథాన్‌ను ఎవరైనా ఉచితంగా కంప్యూటర్లో పెట్టుకోవచ్చు. దాన్ని వివరించే అసలు పుస్తకాలు కూడా ఉచితమే. మరి పిల్లలు దేనికి డబ్బు కడుతున్నారు, ఆ పుస్తకాలు వాళ్ల చేతికి ఎందుకు చేరడం లేదు అన్నది దాతలైన పెద్దలకు వివరించాలనిపించింది.

కంప్యూటరుకు పని పురమాయించడానికి మనుషులు తయారు చేసుకున్న భాషల్లో పైథాన్ ఒకటి. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ దీన్ని 1991లో మొదటిసారి విడుదల చేశారు. పేరు వినగానే పాము గుర్తొస్తుంది కానీ, ఆయన ఆ పేరు తీసుకున్నది ‘మాంటీ పైథాన్’ అనే బ్రిటిష్ టీవీ హాస్య కార్యక్రమం నుంచి. ఇది ఓపెన్ సోర్స్ భాష. అంటే దాని లోపలి రాత మొత్తం అందరి ముందూ ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. దీని బాగోగులు చూసే పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2001లో ఏర్పడింది. అది కూడా విరాళాలు తీసుకునే, లాభాపేక్ష లేని సంస్థే. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్సులో నేర్పేది ఈ భాషనే.

ఇక పుస్తకాల సంగతి. డాక్స్ డాట్ పైథాన్ డాట్ ఆర్గ్ అన్న చిరునామాలో ఈ భాష గురించిన అధికారిక గ్రంథమంతా ఉంది. తెరవగానే పిల్లలు బెదిరిపోతారు. అక్కడ ఒకటి కాదు, చాలా పుస్తకాలుంటాయి. ఏది ముందు చదవాలో తెలియదు. మాస్టరుగా నాకు తోచిన పోలిక చెబుతాను. ‘ట్యుటోరియల్’ అన్నది వాచకం, వరుసగా చదవాలి. ‘లైబ్రరీ రిఫరెన్స్’ నిఘంటువు, కావలసిన మాట కోసం మాత్రమే తెరవాలి. ‘లాంగ్వేజ్ రిఫరెన్స్’ వ్యాకరణం. చిన్నయసూరి బాలవ్యాకరణం ముందేసుకుని ఎవరూ తెలుగు మాట్లాడటం నేర్చుకోరు. కానీ మన పిల్లల్లో కొందరు నేరుగా ఈ వ్యాకరణంలోకి దూరి, రెండో రోజుకే ‘ఇది మనవల్ల కాదు సార్’ అని లేచిపోతున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ట్యుటోరియల్ రాసింది ఇప్పటికే ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్ల కోసం. ఏమీ రాని పిల్లవాడికి దాన్నే మొదటి మెట్టుగా చూపిస్తే కాలు అందదు. అలాంటివాళ్లకు ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ పాఠ్యపుస్తకం నయం. అది ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది, ఉదాహరణలు పైథాన్‌లోనే ఉంటాయి, మెల్లగా నడుస్తుంది. అందులో సగం చేశాక ట్యుటోరియల్‌కు వస్తే ఊపిరాడుతుంది.

సరైన పుస్తకం, సరైన కాలానిది చేతిలో లేకపోతే ఏమవుతుందో ఒక చిన్న ఉదాహరణ చూడండి. ఒక అమ్మాయి రెండు సబ్జెక్టుల మార్కులు అడిగి, కూడి చెప్పే ప్రోగ్రాం రాసింది. 45 అని ఇచ్చింది, 38 అని ఇచ్చింది. 83 రావాలి. వచ్చింది 4538! కంప్యూటరు పాడవలేదు. ‘ఇన్‌పుట్’ అనే ఆజ్ఞ మనం కొట్టినదాన్ని అంకెగా కాక అక్షరాల వరసగా తీసుకుంటుంది. రెండు అక్షరాల వరసలను కూడమంటే పక్కపక్కన అతికిస్తుంది. ముందు ‘ఇంట్’ అనే ఆజ్ఞతో అంకెగా మార్చుకోవాలి. లైబ్రరీ రిఫరెన్స్‌లో ‘ఇన్‌పుట్’ దగ్గర ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది.

ఆ అమ్మాయిని మరింత తికమక పెట్టేదేమిటంటే, ఏదో పాత వీడియోలో సరిగ్గా ఇదే ప్రోగ్రాం 83 అనే చూపిస్తుంది. వీడియో అబద్ధం కాదు, అది పైథాన్ 2 కాలం నాటిది. అప్పట్లో ‘ఇన్‌పుట్’ ఆజ్ఞ 45ను అంకెగానే తీసుకునేది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో పద్ధతి మారింది. 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు కూడా ఆగిపోయింది. అయినా పాత పుస్తకాలు పాత పుస్తకాల అంగళ్లలో, పాత వీడియోలు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. అందుకే ఏ పుస్తకమైనా, ఏ పాఠమైనా ముందు అది ఎన్నో వెర్షనుదో చూడాలి. అధికారిక గ్రంథంలో పేజీ పైభాగానే వెర్షను సంఖ్య ఉంటుంది, అక్కడే మార్చుకోవచ్చు.

నెట్ లేకపోయినా సాయం దొరుకుతుందన్నది చాలామందికి తెలియదు. పైథాన్ తెరిచి ‘హెల్ప్’ అని రాసి, బ్రాకెట్లలో ‘ఇన్‌పుట్’ అని రాసి ఎంటర్ నొక్కితే చాలు, వివరణ తెర మీదికి వస్తుంది. ఇది అక్షరాల వరసను చదువుతుందని మొదటి వాక్యంలోనే ఉంటుంది. 4538 చిక్కు అక్కడే విడిపోతుంది. మొత్తం గ్రంథాన్ని కూడా ఒక్కసారి దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. ఫోన్ రీచార్జి అయిపోతే చదువు ఆగిపోయే ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. కావాలంటే ట్యుటోరియల్‌ను అచ్చు వేయించి లైబ్రరీలో పెట్టినా ఎవరూ అడ్డు చెప్పరు, లైసెన్సు అనుమతిస్తుంది.

పుస్తకంతో తేలనప్పుడు మనుషులను అడగాలి. దానికి ముందు తప్పు వచ్చినప్పుడు తెర మీద పడే ఇంగ్లీషు వాక్యాలను చదవాలి. పిల్లలు ఆ ఎర్ర అక్షరాలు చూసి కిటికీ మూసేస్తారు! నిజానికి అది తిట్టు కాదు, చీటీ. పై నుంచి కాకుండా చివరి వరస నుంచి చదివితే ఏ రకం తప్పో ఉంటుంది, దాని పైన ఎన్నో వరసలో జరిగిందో ఉంటుంది.

2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల చోట పైథాన్ మీద లక్షల ప్రశ్నలకు జవాబులున్నాయి. మన సందేహం ఇంతకుముందే ఎవరో అడిగి ఉంటారు కాబట్టి మొదట వెతకాలి. వెతక్కుండా అడిగితే ‘ఇది పాత ప్రశ్నే’ అని మూసేస్తారు. మన పిల్లలు దాన్ని అవమానంగా తీసుకుని మళ్లీ అటు పోరు. అడగడం కూడా నేర్పవలసిన విద్యే. ఫోనుతో తీసిన తెర ఫోటో కాకుండా ప్రోగ్రాం రాతను అలాగే అతికించడం, అందులో గొడవ ఉన్న నాలుగు వరసలే ఉంచడం, ఏం రావాలనుకున్నారో ఏం వచ్చిందో చెప్పడం, వెర్షను సంఖ్య రాయడం. ఇలా అడిగితే ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఓపిగ్గా చెబుతారు.

ఇప్పుడు చాట్‌బాట్‌లు వచ్చాయి. అడగ్గానే జవాబు చెబుతాయి, విసుక్కోవు, అది మంచిదే. అయితే లేని ఆజ్ఞను కూడా ఉన్నట్టే ధీమాగా చెప్పేస్తాయి. దాన్ని అధికారిక గ్రంథంలో సరిచూసుకునే అలవాటు ఉన్నవాడికే అవి పనికొస్తాయి.

మన దేశంలోనే ఉన్న సాయాలు మరికొన్ని. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ వంటి సంస్థల ఆచార్యులు చెప్పిన పైథాన్ పాఠాలు ఉచితంగా చూడవచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ల మీద చిన్న చిన్న పాఠాలున్నాయి, వాటిలో కొన్ని తెలుగు గొంతుతో కూడా దొరుకుతాయి. పైథాన్ వాడేవాళ్ల దేశవ్యాప్త సమావేశం ‘పైకాన్ ఇండియా’ 2009లో బెంగళూరులో మొదలైంది. 2018లో హైదరాబాదులోనే జరిగింది.

ఫీజు కట్టడం తప్పని నేను అనడం లేదు. ఎదురుగా కూర్చుని నేర్పే మంచి గురువు విలువ నాకు తెలుసు. కానీ చాలా చోట్ల ఆ ఫీజుకు దొరికేది ఉచిత పుస్తకంలోని పాఠాల జిరాక్సు కాగితాలే. అసలు పుస్తకం ఇక్కడుందని పిల్లలకు ఎవరూ చెప్పరు. మా తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లలకు అడ్డుపడుతున్నది పైథాన్ కాదు, అది రాసి ఉన్న ఇంగ్లీషు. పైథాన్ గ్రంథాన్ని ఫ్రెంచి, జపనీస్, కొరియన్, స్పానిష్, టర్కిష్ లాంటి భాషల్లోకి స్వచ్ఛందంగా తర్జుమా చేస్తున్నవాళ్లున్నారు. తెలుగు, ఉర్దూ కూడా ఆ వరసలో నిలబడాలని నా కోరిక. అప్పటిదాకా ఆ ఇంగ్లీషును పిల్లల పక్కన కూర్చుని చదివించే మనిషి కావాలి.

కాబట్టి దాతలకు నా మనవి. ఒక్క విద్యార్థి కోర్సు ఫీజుగా ఇచ్చే మొత్తంలో కొంత భాగాన్ని లైబ్రరీ గదిలో రెండు పాత కంప్యూటర్లు బాగుచేయించడానికి కేటాయించి చూడండి. పైథాన్‌కు కొత్త కంప్యూటరే కానక్కర్లేదు. మగ్రిబ్ తర్వాత ఒక గంట పిల్లలతో కూర్చుని ఆ పేజీలు చదివించడానికి ఇంజనీరింగ్ చివరి సంవత్సరం కుర్రవాడికో అమ్మాయికో నెలకు కొంత గౌరవ వేతనం ఇవ్వండి. ఫీజు కోరుతూ దరఖాస్తు పెట్టినవాళ్లను ముందు అక్కడ ఒక నెల కూర్చోబెడదాం. ఆ తర్వాత కూడా గురువు కావాలన్న పిల్లలకు ఫీజు తప్పక కడదాం. అప్పటికి ఏ సెంటరులో ఏం నేర్పుతున్నారో అడగగలిగే తెలివి వాళ్లకే వస్తుంది. పెన్‌డ్రైవ్‌లోని గ్రంథాన్ని మాత్రం ఏడాదికోసారి మార్చాలి, పైథాన్ కొత్త వెర్షను ప్రతి సంవత్సరం అక్టోబరులో వస్తుంది.