బిగుసుకున్న క్రాసుకు సమ్మెట మందు కాదు

పాత జీపును గేరులో వేసి క్లచ్ వదలగానే కిందనుంచి 'టంగు'మని ఒక దెబ్బ వినిపిస్తుంది. ఉద్దానం జీడితోటల్లో, కొబ్బరితోటల్లో తిరిగే బండ్లకు ఇదేం కొత్త చప్పుడు కాదు. "గేర్‌బాక్సు పోయినట్టుంది" అంటారొకరు. "డిఫరెన్షియల్ దించాల్సిందే" అంటారు ఇంకొకరు. బండి కిందికి దూరి ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేవాళ్లు తక్కువ. చూస్తే మాత్రం చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతుంది.

ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందు, వెనక యాక్సిళ్లకు శక్తిని చేరవేసే ఇనుప గొట్టమే ఈ షాఫ్ట్. బండి గుంతలో పడి లేచినప్పుడల్లా యాక్సిల్ పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపుకు తగ్గట్టు వాలుగా తిరగడానికి షాఫ్టు రెండు కొసలా యూనివర్సల్ జాయింట్లుంటాయి. మెకానిక్కుల నోట అది 'క్రాస్'. నాలుగు కొమ్ములు, ఒక్కో కొమ్ముకు ఒక కప్పు, కప్పు లోపల చుట్టూ సూదుల్లాంటి సన్నని బేరింగులు. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ హుక్ దీని తీరును వివరించాడు కాబట్టే ఇంజినీరింగ్ విద్యార్థులు హుక్స్ జాయింట్ అని చదువుకుంటారు. మోటారు బండ్ల కోసం దీన్ని తీర్చిదిద్ది 1903లో అమెరికాలో పేటెంటు పొందినవాడు క్లారెన్స్ స్పైసర్. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపులో ఉన్న ఈ ఏర్పాటే, మహీంద్రా జీపుల ద్వారా మన ఊళ్లకూ వచ్చింది.

వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వైపు ఇసుక దారులు, ఏడాది పొడవునా ఉప్పు గాలి. పడమరన మందస దాటితే మహేంద్రగిరి వైపు రాళ్ల ఎగుడు. ఈ రెంటి మధ్యా తిరిగే బండిలో ఎక్కువ బాధపడేది క్రాసే. సీలు కాస్త పగిలితే చాలు, ఉప్పు తేమ, సన్నిసుక లోపలికి చేరి గ్రీజును పాడుచేస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఈ ప్రాంతమెంత తడిసిందో అందరికీ గుర్తే. అలాంటి వానల్లో నీళ్లలో నిలిచిన బండికి ఆ వారంలోనే గ్రీజు పట్టకపోతే తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

"ఫోర్‌వీల్ ఎప్పుడో గానీ వెయ్యం, ముందు షాఫ్టుకు ఏమవుతుంది?"

పాత జీపుల విషయంలో ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే హబ్ లాకులు లేని బండిలో, ఫోర్‌వీల్ వేసినా వెయ్యకపోయినా చక్రాలు దొర్లుతున్నంతసేపూ ముందు యాక్సిలూ షాఫ్టూ తిరుగుతూనే ఉంటాయి. ఫోర్‌వీల్ వెయ్యనప్పుడు ఇంజిన్ బలం వాటిమీద పడదు, అంతే తేడా. హబ్ లాకులున్న బండి పరిస్థితి ఇంకో రకం. లాకు తీసి ఉంచితే షాఫ్ట్ నెలల తరబడి కదలదు. సూదులు కొమ్ముమీద ఒకేచోట ఆని ఉంటాయి, తేమ చేరిన చోటల్లా తుప్పు గుంటలు పడతాయి. రోజూ తిరిగే వెనక క్రాస్ కొంత మాటైనా వినిపిస్తుంది. ముందుది మాట్లాడకుండానే బిగుసుకుపోతుంది. అక్కుపల్లి ఇసుకలో కూరుకుపోయి ఫోర్‌వీల్ వేసినప్పుడు గానీ దాని సంగతి బయటపడదు. అందుకే గ్రీజు గన్ పట్టుకున్నప్పుడు ముందు షాఫ్టుతోనే మొదలుపెట్టాలి.

"రెండు గన్నుల గ్రీజు కొడితే వదులవుతుంది" అనేది మరో మాట. నాలుగు కప్పుల సీళ్ల దగ్గరా కొత్త గ్రీజు తొంగిచూసేదాకా కొట్టడం మంచి అలవాటే, కానీ అది బాగున్న క్రాసుకు. కప్పు అంచున ఇటుకరంగు పొడి కనిపించిందంటే లోపల సూదులు అరిగి తుప్పుపొడిగా మారుతున్నాయని అర్థం. అప్పటికే కొమ్ములమీద సూదుల గాట్లు పడి ఉంటాయి. గ్రీజు ఆ గాట్లను పూడ్చలేదు, క్రాస్ మార్చాల్సిందే.

మార్చేటప్పుడు గ్యాస్ మంట, సమ్మెట బయటికొస్తాయి. క్రాసును రెండు చెవుల మధ్య పట్టి ఉంచే యోకును ఎర్రగా కాలిస్తే దాని బలం తగ్గుతుంది, సమ్మెట దెబ్బకు దాని చెవులు లోపలికి వంగుతాయి. వంగిన చెవుల మధ్య ఎంత ఖరీదైన క్రాస్ వేసినా మళ్లీ బిగుసుకుంటుంది. తుప్పు వదిలించే ద్రవం పోసి రాత్రంతా నాననిచ్చి, కప్పులను ఆపే సర్‌క్లిప్పులు తీసి, పెద్ద వైసులో రెండు సాకెట్ల మధ్య పెట్టి మెల్లగా నొక్కితే చాలా కప్పులు బయటికొస్తాయి. ఒక వైపు చిన్న సాకెట్ కప్పును తోస్తుంది, రెండో వైపు పెద్ద సాకెట్ బయటికొచ్చే కప్పుకు చోటిస్తుంది. అప్పటికీ రాకపోతే క్రాసును మధ్యలో కోసి తీయడమే నయం. పోయేది ఎలాగూ పారేసే సామాను, యోకు దక్కుతుంది.

కొత్తది ఎక్కించేటప్పుడు అసలు చిక్కు ఒక్క సూది దగ్గర వస్తుంది. కప్పు నొక్కుతుంటే లోపల ఒక సూది జారి అడుగున అడ్డం పడుతుంది. కప్పు ముప్పాతిక వంతు దిగి ఆగిపోతుంది, సర్‌క్లిప్పు గాడి కనిపించదు. ఇక్కడే ఇంకో రెండు దెబ్బలు వేస్తే సూది విరిగి, కప్పు పగిలి కొత్త క్రాస్ పుట్టిన రోజే చచ్చిపోతుంది. కప్పు వెనక్కి తీసి, సూదులన్నీ గ్రీజుతో గోడకు అంటించి, క్రాస్ కొమ్మును కప్పులోకి నడిపిస్తూ మళ్లీ నొక్కాలి.

"కొత్తది కదా, బిగుతుగానే ఉంటుంది, రోడ్డెక్కితే సర్దుకుంటుంది" అనే మాట నమ్మకూడదు. బిగించాక క్రాస్ నాలుగు వైపులా చేతి బలానికే ఎక్కడా పట్టకుండా కదలాలి. పట్టేస్తే యోకు చెవిమీద రాగి సుత్తితో ఒకటి తట్టితే కప్పులు సర్‌క్లిప్పుకు ఆనుకుని వదులవుతాయి. డిఫరెన్షియల్ వైపు యూ-బోల్టులున్న రకంలో వాటిని ఉన్న బలమంతా పెట్టి బిగించినా కప్పు నొక్కుకుపోతుంది.

"షాఫ్టును ఎలా ఎక్కించినా తిరుగుతుంది." తిరుగుతుంది, నిజమే. కానీ వాలుగా ఉన్న క్రాస్ సమానంగా తిప్పదు. 20 డిగ్రీల వాలులో షాఫ్ట్ నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే, అవతలి కొస వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు 940కి తగ్గి 1,064కు పెరుగుతుంది. రెండు కొసల వాలు సమానంగా ఉండి, షాఫ్టుమీది రెండు యోకులూ ఒకే వరసలో ఉంటే మొదటి క్రాస్ తెచ్చిన తేడాను రెండోది రద్దు చేస్తుంది. షాఫ్టు రెండు ముక్కలు కలిసే పళ్ల గాడి, అంటే స్ప్లైను, ఒక్క పన్ను తప్పినా ఆ రద్దు సరిగా జరగదు. యాక్సిల్ నిష్పత్తి 5.38 ఉన్న పాత జీపులో 40 కిలోమీటర్ల వేగానికి షాఫ్ట్ నిమిషానికి సుమారు 1,600 చుట్లు తిరుగుతుంది. టెక్కలి దాటి జాతీయ రహదారి ఎక్కాక సీటు కింద మొదలయ్యే అదురుకు ఇదీ ఒక కారణం. కొన్ని షాఫ్టులమీద బాణం గుర్తులుంటాయి. లేకపోతే విప్పకముందే రంగుతో గీత పెట్టుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మాత్రం వేరే ఉంది: "గేరులో ఉంది, హ్యాండ్‌బ్రేకూ వేశాం, బండెక్కడికి పోతుంది?" గేరు పట్టు వెనక చక్రాలకు చేరేది షాఫ్ట్ ద్వారానే. పైగా పాత విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది. వెనక షాఫ్ట్ విప్పిన క్షణంలో గేరు, హ్యాండ్‌బ్రేకు రెండూ వెనక చక్రాలను వదిలేస్తాయి, కొంచెం వాలున్నా బండి కదులుతుంది, మనిషేమో దాని కిందే ఉంటాడు. చదునైన చోట ఆపి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు రాళ్లు పెట్టి, బండి ఎత్తాల్సివస్తే జాకీ మీద వదలకుండా స్టాండ్ల మీద నిలిపాకే మొదటి బోల్టు మీద పానా పెట్టాలి.